బావగారి మాల, నా మీమ్: నవ్వే హక్కు ఎక్కడిదాకా?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. మాది ఖమ్మం జిల్లాలో ఒక మండల కేంద్రం. డిగ్రీ రోజుల నుంచీ నాస్తికుడిని. మా ఊరి యువకుల వాట్సాప్ గ్రూపులో రెండువందల మంది దాకా ఉంటాం. అయ్యప్ప పుట్టుకను వెక్కిరిస్తూ, మాల వేసుకునేవాళ్లంతా తాగుబోతులే అంటూ వచ్చిన ఒక మీమ్‌ను అందులో ఫార్వర్డ్ చేశాను. వారమైంది. మా బావగారు ఏటా మాల వేసుకుంటారు, ఇప్పుడూ దీక్షలోనే ఉన్నారు. ఒక్క మాట అనకుండా గ్రూపులోంచి వెళ్లిపోయారు. అక్క నా ఫోన్ ఎత్తడం లేదు. ఇద్దరు కుర్రాళ్లు "కేసు పెట్టి లోపలేయిస్తాం, చేతులు విరగ్గొడతాం" అని వాయిస్ మెసేజ్‌లు పెట్టారు. క్షమాపణ చెప్పేయమని ఒక ఫ్రెండ్ అంటాడు, చెబితే తప్పు ఒప్పుకున్నట్టే అని ఇంకొకడు. నాస్తికులకు నీతీ జాతీ ఉండవని వాళ్లు అదే గ్రూపులో ఎన్నోసార్లు పెట్టారు. మరి నా మనోభావాల సంగతేమిటి? భావప్రకటన స్వేచ్ఛ నాకు లేదా? నెలాఖరున అక్కావాళ్లింట్లో ఇరుముడి కడతారు. వెళ్లాలా, వద్దా? (పేరు రాయవద్దు)

జవాబు: ముందు ఫోన్ సంగతి చూడండి, ఎందుకంటే అది ఆలస్యమైతే మిగతావన్నీ చిక్కుపడతాయి. ఆ మీమ్, దానికి ముందూ వెనకా నడిచిన సంభాషణ, ఆ రెండు వాయిస్ మెసేజ్‌లు అన్నీ భద్రపరచుకోండి. గ్రూపు పేరు, పంపినవాళ్ల నంబర్లు, తేదీ, టైమ్ కనబడేలా స్క్రీన్‌షాట్లు తీయండి. గ్రూపు సెట్టింగ్స్‌లో 'ఎక్స్‌పోర్ట్ చాట్' నొక్కి, మీడియాతో సహా మీ ఈమెయిల్‌కు పంపుకోండి. ఆ ఫోన్‌ను ఫార్మాట్ చేయొద్దు, అమ్మొద్దు, మార్చొద్దు. భయంతో అన్నీ తుడిచేస్తే రేపు కేసంటూ వచ్చినప్పుడు సాక్ష్యం మాయం చేశారన్న కొత్త ఆరోపణ నెత్తిన పడుతుంది. పైగా మిమ్మల్ని కొడతామన్నవాళ్ల మాటలు కూడా దాంతోనే పోతాయి. వాట్సాప్‌లో 'అందరికీ డిలీట్' చేసుకునే గడువు దాదాపు రెండున్నర రోజులే. మీకది దాటిపోయింది కాబట్టి తీయాలా వద్దా అన్న ఆలోచన ఇప్పుడు అనవసరం. మిగిలింది మీరు ఏం మాట్లాడతారన్నదే.

ఇక హక్కు. ఉంది, మీ ఊరివాళ్లు అనుకుంటున్నదానికంటే ఎక్కువే ఉంది. రాజ్యాంగం 19(1)(ఎ) మీకు మాట్లాడే స్వేచ్ఛ ఇచ్చింది. 25వ అధికరణం ఇచ్చింది మత స్వేచ్ఛ ఒక్కటే కాదు, మనస్సాక్షి స్వేచ్ఛ కూడా. బావగారు మాల వేసుకోవడానికీ, మీరు వేసుకోకపోవడానికీ ఆధారం ఆ ఒక్క అధికరణమే. మాట్లాడే స్వేచ్ఛకు 19(2)లో పెట్టిన పరిమితుల జాబితాలో శాంతిభద్రతలు, మర్యాద, నైతికత, పరువునష్టం లాంటివి ఉన్నాయి. మనోభావాలు అన్న మాట ఆ జాబితాలో లేదు. ఇది చాలామంది గమనించరు.

అయితే 'కేసు పెడతాం' అన్నవాళ్లు పట్టుకునేది ఏ సెక్షనో తెలుసుకోవాలి. పాత ఐపీసీ 295ఎ, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 299. ఒక వర్గం పౌరుల మతాన్ని లేదా మత విశ్వాసాలను, ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో, వాళ్ల మతభావాలు గాయపడేలా అవమానిస్తే మూడేళ్ల దాకా జైలు. కొత్త చట్టంలో ఎలక్ట్రానిక్ మాధ్యమం అన్న మాట కూడా చేరింది, కాబట్టి వాట్సాప్ దీని కిందికి వస్తుందా అన్న సందేహం అక్కర్లేదు. 'నేను రాయలేదు, ఫార్వర్డ్ చేశాను' అన్నది కూడా పెద్దగా కాపాడే వాదన కాదు. కాపాడేది ఆ రెండు మాటలు: ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో. రెండూ రుజువు కావాలి.

ఆ మాటలు ఊరికే పడలేదు. 1924లో లాహోర్‌లో మహమ్మద్ ప్రవక్త మీద ఒక వెకిలి పుస్తకం వచ్చింది. అచ్చువేసిన రాజ్‌పాల్‌ను 1927లో హైకోర్టు వదిలేసింది, ఎందుకంటే అప్పటి చట్టం మతాల మధ్య వైరం రెచ్చగొట్టడాన్నే నేరమంది గానీ, ఒక మత ప్రవక్తను వెక్కిరించడాన్ని కాదు. దాని మీద పెద్ద ఆందోళన లేచింది, అదే ఏడాది 295ఎ పుట్టింది. 1929లో రాజ్‌పాల్‌ను ఒక యువకుడు పొడిచి చంపాడు, ఆ యువకుడిని ఉరితీశారు. ఆ గొడవ నాస్తికులు తెచ్చినది కాదు. ఒక మతంవాళ్లు ఇంకో మతాన్ని వెక్కిరించడం, దానికి వీళ్లు బదులు వెక్కిరించడం, అలా పెరిగిన మంట అది. చట్టం చేస్తున్నప్పుడే, మతాన్ని నిజాయతీగా విమర్శించేవాళ్లు ఇందులో ఇరుక్కోకూడదని కేంద్ర శాసనసభలో జిన్నా హెచ్చరించారు. సంస్కర్తల రాతలు దీని పరిధిలోకి రాకూడదన్న ఆలోచనతోనే 'ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో' అన్న షరతును అందులో పెట్టారు. 1957లో రాంజీలాల్ మోదీ కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్ చెల్లుతుందంటూనే, ప్రతి అవమానమూ నేరం కాదు, దురుద్దేశంతో చేసిన తీవ్రమైన అవమానమే నేరం అని గీత గీసింది.

మన తెలుగు నేల మీద నుంచే వెళ్లిన ఉదాహరణ ఉంది. క్రికెటర్ ధోనీని విష్ణుమూర్తిలా, చేతుల్లో కంపెనీల సరుకులు పెట్టి ఒక బిజినెస్ పత్రిక 2013లో ముఖచిత్రం వేసింది. అనంతపురం కోర్టులో ఫిర్యాదు పడింది, ధోనీ మీద వారంటు దాకా వచ్చింది. 2017 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది. తెలియకనో, నిర్లక్ష్యంగానో, దురుద్దేశం లేకుండానో చేసినది ఈ సెక్షన్ కిందికి రాదని చెప్పింది.

'ఇరువర్గాల మధ్య వైరం రెచ్చగొట్టాడు' అన్న సెక్షన్ కూడా దీంతోపాటు తగిలించడం అలవాటు. పాతది 153ఎ, ఇప్పుడు 196. 1997లో ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన బిలాల్ అహ్మద్ కాలూ కేసులో, కనీసం రెండు వర్గాల ప్రస్తావన లేకుండా అది నిలబడదని సుప్రీంకోర్టు తేల్చింది. మీ మీమ్‌లో రెండో వర్గం లేదు.

ఇదంతా విని ధైర్యంగా కూర్చోవద్దు. కేసు చివరికి నిలబడకపోవడం వేరు, మొదట నమోదు కాకపోవడం వేరు. 299 కింద వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు, బెయిలు హక్కుగా రాదు. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు పడతారు. ప్రభుత్వ అనుమతి లేనిదే ఈ కేసు నడవదని ఎక్కడో చదివి నిశ్చింతగా ఉంటారు. అనుమతి కావాల్సిన మాట నిజమే, పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన నాగరిక సురక్షా సంహిత 217వ సెక్షన్. కానీ అది కోర్టు కేసును విచారణకు స్వీకరించే ముందు కావాలి. ఎఫ్‌ఐఆర్‌కూ అరెస్టుకూ అక్కర్లేదు. 2022 డిసెంబరులో కొడంగల్ సభలో అయ్యప్ప పుట్టుక మీద చేసిన వ్యాఖ్యలకు ఒక నాస్తిక వక్త అరెస్టయిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. మీ మీమ్‌లో మొదటి సగం సరిగ్గా ఆ విషయమే.

మీకు అనుకూలంగా ఉన్నవి ఇవి. ఏడేళ్లలోపు శిక్ష ఉన్న నేరాల్లో అరెస్టు ఆటోమేటిక్ కాదని 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన అర్నేష్ కుమార్ తీర్పు చెప్పింది. సాధారణంగా సురక్షా సంహిత 35(3) కింద నోటీసు ఇచ్చి పిలవాలి. ఆ నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది, కాగితం మీద రావాలి. మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్ష ఉన్న నేరమైతే డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ జరిపి, ఆ తర్వాతే ఎఫ్‌ఐఆర్ సంగతి తేల్చే వీలు అదే సంహిత 173(3)లో ఉంది. ఒక ఎంపీ పంచుకున్న కవిత మీద గుజరాత్‌లో పెట్టిన కేసును కొట్టేస్తూ 2025 మార్చిలో సుప్రీంకోర్టు, మాటకు సంబంధించిన నేరాల్లో ఈ ప్రాథమిక విచారణ జరపడమే ఉచితమంది. మాట ప్రభావాన్ని గట్టి మనసున్న, నిబ్బరమైన మనిషి కొలమానంతో చూడాలి గానీ, ప్రతి మాటకూ ఉలిక్కిపడేవాళ్ల కొలమానంతో కాదని కూడా అంది.

కాబట్టి స్టేషన్ నుంచి ఫోన్ వస్తే తప్పించుకోవద్దు. నోటీసు ఇవ్వమని మర్యాదగా అడగండి, తీసుకుని సంతకం చేయండి, చెప్పిన రోజున లాయరుతో వెళ్లండి. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే 15100కు ఫోన్ చేయండి, అది న్యాయసేవాధికార సంస్థ నంబరు. జిల్లా కోర్టు ఆవరణలోనే వాళ్ల ఆఫీసు ఉంటుంది. ఫోన్ స్వాధీనం చేసుకుంటే పంచనామా కాపీ అడగండి. ఎఫ్‌ఐఆర్ నమోదైందని తెలిస్తే ముందస్తు బెయిలుకు సురక్షా సంహిత 482 కింద ఆ రోజే లాయరుతో మాట్లాడండి. అన్నిటికంటే ముఖ్యం, గ్రూపులో గానీ, ఫోన్లో గానీ, కోపంలో గానీ "అవును, కావాలనే పెట్టాను, మండాలనే పెట్టాను" అని అనొద్దు. వాళ్లు రుజువు చేయాల్సిన దురుద్దేశాన్ని మీరే రాసిచ్చినట్టవుతుంది. ఇలాంటి కేసుల్లో అసలు పోస్టు కంటే, ఆ తర్వాత రెచ్చిపోయి రాసిన జవాబులే ఎక్కువ చేటు చేస్తాయి.

ఇప్పుడు మీరు అడగని ప్రశ్న ఒకటి ఉంది, నాకు అదే అసలు విషయం. ఆ మీమ్ ఏం చెప్పింది? అందులో రెండు ముక్కలున్నాయి. ఒకటి ఒక కథ గురించి. రెండోది మీ ఊళ్లో మాల వేసుకున్న పది, ఇరవై మంది మనుషుల గురించి. హరిహరసుతుడి కథను నమ్మను అనడం, ఎందుకు నమ్మనో చెప్పడం, దాని మీద నవ్వడం కూడా వాదనలో భాగమే. మన భాషలో వేమన చేసిన పని అదే, విగ్రహాలనూ ఆచారాలనూ అతను వదిలిపెట్టలేదు. కానీ 'మాల వేసుకునేవాళ్లు తాగుబోతులు' అన్నది మతం మీద విమర్శ కాదు. అది మీ బావగారి మీద పడిన అబద్ధం. ఇంకా దగ్గరగా చూడండి. నలభై ఒక్క రోజులూ తెల్లవారకముందే లేచి, చలిలో చన్నీళ్లు పోసుకుని, చెప్పుల్లేకుండా తిరిగే మనిషి ఆయన. ఆయన కంటే ముందు లేచి వంటిల్లు కడిగి, ఉల్లీ వెల్లుల్లీ లేకుండా విడిగా భిక్ష వండే మనిషి మీ అక్క. దేవుడు ఉన్నాడా లేడా అన్నదాంతో పని లేకుండా, ఆ కష్టం నిజం. ఆమె ఫోన్ ఎత్తకపోవడానికి కారణం మీ నాస్తికత్వం కాదు, అది ఆమెకు ఇన్నేళ్లుగా తెలిసిందే. ఆ కష్టాన్ని మీరు రెండువందల మంది ముందు ఎగతాళి చేశారు.

పైగా, అడగాల్సిన గట్టి ప్రశ్న మీ చేతిలో ఉండగా ఈ వెకిలి మీమ్‌ను ఎత్తుకున్నారు. మకరజ్యోతి సంగతి తీసుకోండి. సంక్రాంతి సాయంత్రం పొన్నాంబలమేడు మీద కనబడే వెలుగును దైవికంగా వెలిసే జ్యోతి అని లక్షలమంది నమ్మేవారు. 2011 జనవరి 14న అది చూసి తిరిగొస్తుండగా పుల్‌మేడు దగ్గర తొక్కిసలాటలో వందమందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత ఆ వెలుగును మనుషులే వెలిగిస్తారని దేవస్వం బోర్డు ఒప్పుకుంది. ఇక్కడ ప్రశ్న ఎవరికి వేయాలి? నమ్మి కొండెక్కినవాడికి కాదు. నిజం తెలిసీ చెప్పనివాళ్లకు, గుంపు వస్తుందని తెలిసీ దారీ దీపం ఏర్పాటు చేయనివాళ్లకు. ఈ ప్రశ్న మీ బావగారితో కూర్చుని అడిగితే ఆయన కూడా ఆలోచిస్తారు, ఎందుకంటే అక్కడ పోయినవాళ్లు ఆయన తోటి స్వాములు. ఎగతాళి చేయాల్సి వచ్చినా దాన్ని మోసం మీదికి, అధికారం మీదికి, లాభం చేసుకునేవాళ్ల మీదికి తిప్పండి. దీక్షలో ఉన్న ఆటోడ్రైవరు మీదికి కాదు.

చోటు కూడా చూసుకోవాలి. మీ ఫేస్‌బుక్ పేజీకి వచ్చేవాడు ఇష్టమై వస్తాడు, నచ్చకపోతే పోతాడు. హేతువాద సభకు వచ్చేవాడూ అంతే. ఊరి గ్రూపు అలా కాదు. కరెంటు ఎప్పుడు పోతుంది, రేషన్ ఎప్పుడిస్తారు, ఎవరికి రక్తం కావాలి అన్న కబుర్లు అందులోనే వస్తాయి. అక్కడి నుంచి బావగారు వెళ్లిపోతే ఆ కబుర్లన్నీ ఆయనకు పోయినట్టే. హక్కు రెండు చోట్లా ఒకటే, మర్యాద ఒకటి కాదు.

క్షమాపణ గురించి మీ ఇద్దరు ఫ్రెండ్స్ చెప్పినదాంట్లోనూ సగం సగమే నిజం ఉంది. నాస్తికుడినైనందుకు క్షమాపణ చెప్పక్కర్లేదు. మనుషుల మీద అబద్ధం వేసినందుకు చెప్పాలి. పొడుగ్గా వద్దు. ఇలా రాస్తే చాలు: "నేను ఫార్వర్డ్ చేసిన మీమ్‌లో మాల వేసుకునేవాళ్లను తాగుబోతులన్న మాట అబద్ధం. నిష్ఠగా దీక్ష చేసేవాళ్లను ఈ ఊళ్లోనే చూస్తున్నాను. ఎవరినీ అవమానించాలన్న ఉద్దేశం నాకు లేదు. ఆ మీమ్‌ను వెనక్కి తీసుకుంటున్నాను, తీసేయగలిగితే అడ్మిన్ తీసేయాలని కోరుతున్నాను. దేవుడి విషయంలో నా అభిప్రాయం వేరు, దాని గురించి వినాలనుకునేవాళ్లతో విడిగా మాట్లాడతాను." ఇందులో 'ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే' అన్న ముక్క లేదు, గమనించండి. అది చదివినవాడికి, తప్పు నాది కాదు, నీ మనసుది అన్నట్టు వినబడుతుంది. 'కానీ మీరు కూడా' అన్న ముక్క కూడా పెట్టొద్దు. ఫిర్యాదు ఇప్పటికే పడిందని తెలిస్తే మాత్రం పంపే ముందు లాయరుకు చూపించండి. పంపాక వచ్చే జవాబులకు జవాబులివ్వొద్దు.

మరి నా మనోభావాలు అన్నారు. న్యాయమైన ప్రశ్న. 299 కాపాడేది మతాన్నీ మత విశ్వాసాలనూ, నాస్తికుడికి అందులో చోటు కనబడదు. చట్టం ఆ మేరకు ఒక పక్కకు ఒరిగి ఉంది. ఎవరు ఎక్కువగా నొచ్చుకుంటే వాళ్లకు ఎక్కువ బలమిచ్చే ఈ సెక్షన్ అసలు ఉండకూడదన్నదే నా అభిప్రాయం. అలాగని మీకూ అలాంటి సెక్షన్ ఒకటి కావాలని అడగకండి, 'నాస్తికులకు నీతి లేదు' అన్నందుకు వాళ్ల మీద కేసు పెట్టాలని చూడకండి. నోరు నొక్కే ఆయుధం ఒక చేతిలోనే ఉండిపోదు. 2018 జులైలో రాముడి మీద వ్యాఖ్యలకు సినీ విమర్శకుడు కత్తి మహేష్‌ను హైదరాబాద్ పోలీసులు ఆరు నెలలు నగరం నుంచి బహిష్కరించారు. భక్తులు సంతోషించారు. అదే వారంలో, ఆ వ్యాఖ్యలకు నిరసనగా యాత్ర తలపెట్టిన స్వామి పరిపూర్ణానందను కూడా నగరం నుంచి బహిష్కరించారు. రెండూ తప్పే. మొదటిదాన్ని సమర్థించినవాళ్లకు రెండోదాన్ని తప్పుపట్టే నోరు లేకుండా పోయింది. నీతి లేదన్నవాడికి మీ జవాబు గోరా గారి జీవితం లాంటిది కావాలి. నాస్తిక భావాల కోసం లెక్చరర్ ఉద్యోగాలు పోగొట్టుకుని, 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, అంటరానితనం మీద పనిచేసిన మనిషి. గాంధీజీ ఆయన్ని సేవాగ్రామ్‌కు పిలిపించుకుని గంటల తరబడి వాదించారు. తన ఆస్తికత్వం ఒప్పని గానీ, మీ నాస్తికత్వం తప్పని గానీ చెప్పలేనన్నారు. గోరా గారి అమ్మాయి పెళ్లిని దళిత యువకుడితో సేవాగ్రామ్‌లో జరిపించడానికి ఒప్పుకుని, ప్రమాణంలో దేవుడి పేరు బదులు సత్యం పేరు పెట్టడానికీ సిద్ధపడ్డారు. గాంధీజీ హత్య తర్వాత 1948 మార్చిలో ఆ పెళ్లి అక్కడే జరిగింది. ఇద్దరిలో ఎవరూ తమ మాట వదులుకోలేదు.

చేతులు విరగ్గొడతామన్న బెదిరింపు సంగతి వేరు. అది అభిప్రాయం కాదు, నేరం. న్యాయ సంహిత 351 కిందికి వస్తుంది. ఆ ఇద్దరూ తెలిసిన కుర్రాళ్లే అయితే ముందు వాళ్లింట్లో పెద్దవాళ్లకు ఆ ఆడియో వినిపించండి, చాలాసార్లు అక్కడితో ఆగుతుంది. ఆగకపోయినా, ఇంటి చుట్టూ తిరిగినా, ఆలోచించకుండా 112కు ఫోన్ చేసి, స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి.

ఇరుముడికి వెళ్లండి. కానీ ఆ రోజే మొదటిసారి కనబడొద్దు. జనంలో మాట్లాడుకోవడం కుదరదు, ఆయన మనసూ పూజ మీద ఉంటుంది. ఈ వారంలోనే ఒకసారి వెళ్లండి. ఉదయం పూజ, సాయంత్రం భజన వేళలు తప్పించి, మధ్యాహ్నం భిక్ష అయ్యాక వెళ్తే తీరిక ఉంటుంది. ముందు అక్కతో మాట్లాడండి. ఆయన్ని 'స్వామీ' అని పిలవడం మీకు ఇష్టం లేకపోతే ఎప్పటిలా 'బావగారూ' అనండి, వెటకారం ధ్వనించే 'సామీ' మాత్రం వద్దు. ఆ ఇంట్లో ఉన్నంతసేపు ఆ ఇంటి నియమాలు పాటించండి. అందులో మీరు నమ్మినట్టు నటించడం ఏమీ లేదు, ఆయన మీ గదికి వస్తే మీ పుస్తకాల మీద బొట్టు పెట్టకపోవడం లాంటిదే.

శరణుఘోష మొదలైతే ఏం చేయాలి అన్న సందేహం మీకు వస్తుంది. దీనికి మంచి దారి 1986లో ఒక తీర్పు చూపించింది. కేరళలో యెహోవా సాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు బడిలో జాతీయగీతం వేళ గౌరవంగా నిలబడేవాళ్లు, తమ మతనమ్మకం వల్ల పాడేవాళ్లు కాదు. బడి వెళ్లగొట్టింది. తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి ధర్మాసనం వాళ్లను తిరిగి చేర్చుకోమంది, గౌరవంగా నిలబడినవాడు పాడనంత మాత్రాన అవమానించినట్టు కాదంది. మీరూ అలాగే నిలబడండి. చేతులు కట్టుకుని, ఫోన్ జేబులో పెట్టుకుని. ఎవరైనా 'శరణమయ్యప్ప అను' అని పట్టుబడితే "నేను అననండీ, బావగారిని సాగనంపడానికి వచ్చాను" అంటే సరిపోతుంది. ఇరుముడిలో బియ్యం వేయమని అక్క పిలిస్తే వేయాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం. వేయకపోతే ఆ సంగతి ఆమెకు ముందురోజే చెప్పండి, అందరి ముందూ ఆమె పిలిచాక కాదు. బ్యాగులు బస్సు దాకా మోయడానికి మాత్రం ఎవరి నమ్మకమూ అడ్డురాదు.